చదువని అంగీకారం

పరుల గృహంలో ప్రవేశించుటకు ముందు ఇంటివారికి సలాము చెప్పి, అనుమతి పొందవలెనని ఖురాను ఆదేశించుచున్నది. గడప ఆవల నిలిచి "లోనికి రావచ్చునా?" అని అడుగుట తెలుగింటి మర్యాద కూడాను. ఇంతటి మర్యాద ఎరిగిన మనం, కంప్యూటరు తెరపై ఒక చిన్న పెట్టె "కుకీలకు అంగీకరించెదరా?" అని అడిగినంతనే, చదువకయే "సరే" అని నొక్కుచున్నాము. ఈ అలవాటును గురించి విద్యార్థి మిత్రులకును, కళాశాల పాలకవర్గమునకును రెండు మాటలు మనవి చేయదలచినాము.

కుకీ అనునది 1994లో నెట్‌స్కేప్ సంస్థలో లూ మోంటుల్లీ అను ఇంజనీరు రూపొందించిన చిన్న గుర్తు. మందమర్రి వారికి దీనిని వివరించుట కష్టం కాదు. గనిలో ఎవరు దిగినారో, ఎవరు పైకి వచ్చినారో తెలియుటకు అంకె గల బిళ్ళ ఉండును గదా! కుకీ అటువంటి బిళ్ళయే. ఉపకారవేతనపు దరఖాస్తులో ఒక పుట నుండి మరొక పుటకు పోవునప్పుడు మనలను గుర్తుంచుకొనునది అదియే. ఇందులో దోషం లేదు. కాని బజారులోని ప్రతి దుకాణం వద్దను ఒకే అపరిచితుడు నిలిచి, మన బిళ్ళ అంకెను వ్రాసికొనుచుండిన యెడల? ప్రకటనల సంస్థలు పరాయి కుకీలతో చేయుచున్న పని అదియే.

"మనకు దాచవలసినది ఏమున్నది?" అని కొందరు ప్రశ్నింతురు. ఇంటిల్లిపాదికి ఒకే ఫోను ఉన్నచోట, చెల్లెలు తన అనారోగ్యమును గురించి వెదకిన సంగతి మరునాడు అన్న కనులయెదుట ప్రకటనయై నిలువవచ్చును. ఆమె చేసినది తప్పు కాదు. అయినను అది ఆమె స్వవిషయం.

గోప్యత ప్రాథమిక హక్కు అని పుట్టస్వామి వ్యాజ్యంలో సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తులు 2017 ఆగస్టు 24న ఏకగ్రీవముగా తీర్పు చెప్పినారు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం సమ్మతి స్వేచ్ఛతో, తెలిసి ఇచ్చినదై ఉండవలెను. ఇచ్చుట ఎంత సులభమో ఉపసంహరించుకొనుట అంత సులభం కావలెను. సమ్మతి కోరు పత్రమును ఎనిమిదవ షెడ్యూలు భాషలలో చదువుకొను వీలు కల్పించవలెను. ఆ భాషలలో తెలుగు, ఉర్దూ రెండును కలవు! నియమములు 2025 నవంబరులో వెలువడినవి. సమ్మతి విధులు అటుపై పదునెనిమిది మాసములకు అమలులోనికి రావలెను. కాని ఏ చట్టమును మన బదులు చదివిపెట్టదు.

సఫారీ, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లు పరాయి కుకీలను తామే కట్టడి చేయుచున్నవి. క్రోమ్‌లో వానిని తొలగింతుమని 2020లో ప్రకటించిన గూగుల్ 2024లో ఆ సంకల్పమును విరమించుకొన్నది. కావున అందు సెట్టింగులలోని గోప్యతా విభాగమునకు పోయి వానిని మనమే నిరోధించవలెను. పెక్కు సైట్లు అప్పుడును చక్కగా పనిచేయును. అజ్ఞాత కిటికీ మూసినంతనే ఆ యంత్రంలో మన జాడ చెరగును; అయితే నెట్‌వర్కు నడుపువారి దృష్టి నుండి అది మనలను దాచదు.

పాలకవర్గమునకు మా విన్నపం ఒక్కటే. కళాశాల కంప్యూటర్లన్నిటిలో పరాయి కుకీలను నిరోధించి, బ్రౌజరు మూసినంతనే గుర్తులు చెరిగిపోవునట్లు అమర్చి, ఆ విధానమును తెలుగు, ఉర్దూ లిపులలో గోడపై వ్రాయింపవలెను. ఇందుకు రూపాయి వ్యయం లేదు. విద్యార్థులారా, అంగీకారం మనదైనప్పుడు దానిని చదివి ఇచ్చుటయు మన విధియే.