విచారణలోని బాలురు

జనగామ, మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన పాత వరంగల్లు జిల్లానుండి ఏర్పడినవి. కలెక్టరు కచేరి ప్రజలకు చేరువైనది. పోలీసు అధికారియు చేరువైనాడు. కాని నేరారోపణకు లోనైన బాలుని విచారణ ముగియువరకు ఉంచు పరిశీలన గృహము మాత్రము వరంగల్లుననే నిలిచినది. కొన్ని జిల్లాలకు కలిపి యొక గృహముండవచ్చునని చట్టమే అంగీకరించినది గావున దీనిని అక్రమమనజాలము. అయితే ఈ దూరపు భారమును ఎవరు మోయుచున్నారో పాఠకులు యోచింపవలెను.

జనగామకును మహబూబాబాదునకును రైలున్నది. భూపాలపల్లి బొగ్గుగనుల పట్టణమయ్యు ప్రయాణికుల రైలు నెరుగదు. పరకాల మీదుగా బస్సే గతి. మహాదేవపురము వైపు అడవిపల్లెలవారు ముందుగా భూపాలపల్లికి చేరుటయే యొక ప్రయాణము. కొడుకును చూడవచ్చు తల్లికి ఆనాటి కూలి పోవును, చేతిలోని పైకము ఛార్జీలకు పోవును. ఆమె లంబాడీ తండానుండియో కోయగూడెమునుండియో వచ్చినదైనచో, కచేరీలో ఎవరిని అడుగవలెనో, ఏ భాషలో అడుగవలెనో తెలియక గుమ్మమువద్దనే నిలిచిపోవును.

పరిశీలన గృహమనగా చెఱసాల కాదు. మన పట్టణములలో చదువుకొన్నవారు సయితము ఈ భేదమును మరచి మాటాడుచుందురు. మదరాసు రాజధానిలో 1920లోను, హైదరాబాదు రాష్ట్రమున 1951లోను బాలల చట్టములు పుట్టినది పిల్లలను పెద్ద నేరస్థులనుండి వేరుచేయుటకే. ఇప్పుడమలులోనున్న 2015వ సంవత్సరపు బాలన్యాయ చట్టము ఇంకను ముందునకు పోయినది. పదునెనిమిదేండ్లు నిండనివానిని లాకప్పులోగాని జైలులోగాని ఉంచరాదు. ప్రయాణకాలము పోను 24 గంటలలో బాలన్యాయ మండలి యెదుట నిలుపవలెను. అతడు దురుద్దేశము లేనివాడను భావముతోనే విచారణ సాగవలెను. గృహమునకు పంపుట తుది మార్గము. జామీనుపై విడుచుట సామాన్య ధర్మము.

గృహములోని దినచర్యనుగూర్చి 2016వ సంవత్సరపు నియమములు చాల విషయములు చెప్పినవి. దినచర్య పట్టికను అందఱికి కనబడుచోట వ్రేలాడదీయవలెను. వ్యాయామము, చదువు, చేతిపని, ఆటలు, ఉదయపు ఫలహారముతో కూడ నాలుగుమారులు ఆహారము, వైద్యపరీక్ష, వయస్సును ఆరోపణస్వభావమును బట్టి వేఱువేఱు గదులు, తమ కష్టములు చెప్పుకొనుటకు బాలురదే యొక సమితి: కాగితముపై లోపము లేదు. అన్నము వేళకు పెట్టుట యెంత యవసరమో మేమెఱుగుదుము. కాని పదునాలుగేండ్ల పిల్లవాడు గోడమీది పట్టికను చూచి దినము గడుపడు, "నన్నెప్పుడు పంపుదురు?" అను ప్రశ్నతో గడుపును. ఆ ప్రశ్నకు వంటవాడు చెప్పగల జవాబు లేదు. మండలియు, ప్రొబేషను అధికారియు, న్యాయవాదియు చెప్పవలెను.

చట్టము గడువులు పెట్టియే యున్నది. బాలుని కుటుంబస్థితిగతుల నివేదిక రెండువారములలో రావలెను. మొదట హాజరుపఱచిన దినమునుండి నాలుగు మాసములలో విచారణ ముగియవలెను. కారణము వ్రాసి మఱి రెండు మాసములు పొడిగింపవచ్చును. స్వల్ప నేరమైనచో ఆపై విచారణయే రద్దగును. జామీను షరతులు ఏడుదినములలో నెరవేర్చలేని బాలుని మరల మండలి ముందుంచి షరతులను సడలింపవలెనని 12వ సెక్షను చెప్పుచున్నది. ఈ యొక్క వాక్యము పేదవాని బిడ్డకొఱకే వ్రాయబడినది. దానిని అడుగు న్యాయవాది లేనిచో అది పుస్తకములోనే నిద్రించును.

మూడు జిల్లాలకు మూడు కొత్త గృహములు కట్టుమని కొందఱనవచ్చును. మే మంతకు సాహసింపము. భవనము కట్టినపిదప దానిని నింపుటకు పిల్లలు దొరకుచునే యుందురు. మే మడుగునది వేఱు: పంపబడువారు తగ్గవలెను, పంపబడినవారు శీఘ్రముగ ఇల్లు చేరవలెను. తల్లికి రాకపోకల ఛార్జి ప్రభుత్వమే ఇయ్యవలెను. లంబాడీ, కోయ భాషలెఱిగిన యొకరు మండలివద్ద నుండవలెను. ఈ పత్రికను పఠనాలయమున చదువు న్యాయవాదులు, తమ జిల్లా న్యాయసేవాధికార సంస్థలో పేరిచ్చి, మాసమునకు ఒక్క బాలుని జామీనైనను చూడవలెను.

పత్రికలవారమైన మామాట కూడ చెప్పుకొనవలెను. బాలుని పేరు, ఊరు, పాఠశాల, బొమ్మ ప్రకటింపరాదని 74వ సెక్షను శాసించుచున్నది. పేరు వ్రాయక తండ్రి వృత్తియు వీధియు వ్రాసినచో, ఊరంతయు గుర్తించును గదా! ఈ పాపము మా వృత్తిలో లేకపోలేదు.

మొక్కై వంగనిది మానై వంగునా యని కఠినత్వమును సమర్థించువారున్నారు. వంచుట వేఱు, విఱుచుట వేఱు. నవంబరులో గృహమున ప్రవేశించిన పదవ తరగతి బాలునికి నాలుగు మాసములనగా మార్చి పరీక్ష. అతని పుస్తకములు వరంగల్లునకు పంపుట, పరీక్షకు పేరు పోకుండ చూచుట, తిరిగివచ్చిననాడు ప్రశ్నింపక పాతబల్లపైననే కూర్చుండబెట్టుట, ఈ మూడును ప్రధానోపాధ్యాయుని చేతిలోని పనులు. వీనికి రాజధానినుండి ఉత్తరువు రానక్కఱలేదు.