ఇంటింటా ఒకటే తాళపుచెవి

జపాన్‌కు చెందిన నింటెండో సంస్థ 2014లో అమీబో అనే ఆటబొమ్మలను విడుదల చేసింది. బొమ్మను ఆటయంత్రానికి తాకిస్తే ఆటలో ఏదో ఒక కొత్త సదుపాయం తెరుచుకుంటుంది. పిల్లలకు ఇది ఇంద్రజాలం. పెద్దలమైన మనకు మాత్రం ఇందులో ఆలోచించవలసిన విషయం వేరే ఉంది.

బొమ్మ పీఠంలో ఎన్‌ట్యాగ్ 215 అనే చిప్ అమర్చి ఉంటుంది. దానిలో పట్టేది 540 బైట్లే. ఇంత చిన్న సమాచారాన్ని మరో ఖాళీ చిప్‌లోకి ఎక్కించడం ఎంతసేపని అనిపించవచ్చు. కాని ఉన్నదున్నట్లు ఎక్కిస్తే అది పనిచేయదు. ప్రతి చిప్‌కూ తయారీలోనే ఒక ప్రత్యేక సంఖ్య పడుతుంది. బొమ్మలోని సమాచారాన్ని ఆ సంఖ్యతో ముడిపెట్టి, కొంత భాగాన్ని ఎన్‌క్రిప్షన్‌తో దాచి, ముద్ర వేస్తారు. చిప్ మారితే ముద్ర సరిపోదు, యంత్రం తిరస్కరిస్తుంది. కొత్త చిప్‌కు తగినట్లు ముద్ర మళ్ళీ వేయాలంటే సంస్థవారి తాళపుచెవి కావాలి. రెండు భాగాలు కలిపి అది 160 బైట్ల ఫైలు.

ఆ తాళపుచెవి బొమ్మలో ఉండదు, యంత్రంలో ఉంటుంది. ఏ ఇంటి బొమ్మనైనా ఏ ఇంటి యంత్రమైనా గుర్తించాలి కదా! కనుక అన్ని యంత్రాలలోనూ ఒకే తాళపుచెవి ఉంచక తప్పలేదు. ఒక్క యంత్రం నుండి దానిని వెలికితీస్తే చాలు, అన్ని బొమ్మల గుట్టూ రట్టయినట్లే. అదే జరిగింది కూడా. మార్చుదామంటే, అప్పటికే అమ్ముడైన బొమ్మలు పాత తాళపుచెవికి కట్టుబడి ఉన్నాయి. రహస్యాన్ని ప్రతి కొనుగోలుదారు ఇంటికీ పంపి, అది రహస్యంగానే ఉంటుందని ఆశించడం మాకు వింతగానే తోస్తుంది.

అంతమాత్రాన ఆ ఫైలు ఎవరి సొత్తూ కాకుండా పోదు. ఈ బొమ్మల సమాచారాన్ని చదివి రాసే ట్యాగ్‌మో అనే ఆండ్రాయిడ్ యాప్ తాళపుచెవిని తనతో తేదు, వాడుకరినే తెచ్చుకోమంటుంది. ఎక్కడి నుండి? మన ఇంట పిల్లవాడు ఆ ఫైలును తెచ్చుకున్నాడంటే అడగవలసిన ప్రశ్న ఇదే. కొన్న బొమ్మ పాడవుతుందని దాని ప్రతిని దాచుకోవడం ఒకటి, ఎన్నడూ కొనని పాత్రలను కార్డులపై ఎక్కించి తోటివారికి అమ్ముకోవడం మరొకటి. మొదటిదానిపై మేము కఠినంగా మాట్లాడలేము. రెండవది పరుల సొమ్ముతో వ్యాపారం. రెండింటికీ పనికివచ్చే ఫైలు మాత్రం ఒక్కటే, అది చూసి పిల్లవాడి ఉద్దేశం పోల్చుకోలేము. కూర్చోబెట్టి మాట్లాడవలసిందే.

ఖాళీ కార్డులు కొనే పిల్లలకు మరో మాట కూడా చెప్పాలి: ఒక పాత్రను ఎక్కించి ముగించాక చిప్‌లోని కొన్ని భాగాలు శాశ్వతంగా మూతపడతాయి. ఆ కార్డుపై మరో పాత్రను ఎక్కించడం ఇక కుదరదు.