బరువులెత్తొద్దు, బరువు తగ్గు

గర్భసంచి తీసేసి ఇంటికి పంపించేటప్పుడు ఆస్పత్రివాళ్ళు నా చేతిలో పెట్టిన కాగితం చివర రెండే రెండు సలహాలున్నాయి, అవీ ఇంగ్లీషులో. బరువులెత్తకూడదు. బరువు తగ్గాలి. ఎంత బరువు ఎత్తకూడదు, ఎన్నాళ్ళు ఎత్తకూడదు, ఏం చేసి తగ్గాలి అని అడిగాను. "మామూలుగానే వుండండమ్మా, కాస్త జాగ్రత్తగా వుంటే చాలు" అన్నారు. నాకప్పుడు నలభై నాలుగేళ్ళు. గడ్డల వల్ల రెండేళ్ళపాటు విపరీతంగా రక్తం పోయాక, మందులన్నీ వాడి చూశాక, నేనే ఆలోచించుకుని ఒప్పుకున్న ఆపరేషన్ అది. సోషియాలజీలో డాక్టరేటు, స్త్రీల ఆరోగ్యం మీద ఎన్నో వర్క్‌షాపుల్లో మాట్లాడిన అనుభవం, ఇవన్నీ వున్న నాకు ఆ రాత్రి కుట్లు లాగకుండా మంచం మీంచి ఎలా లేవాలో తెలియలేదు.

మా ఇంట్లో పనిచేసే ఆమెకి ఇదే ఆపరేషన్ అంతకు ఆరేళ్ళ ముందు జరిగింది. అప్పటికామెకి ముప్ఫై రెండేళ్ళు. తెల్లబట్ట అవుతోందని వెళితే సంచి పాడైందనీ, వుంచితే క్యాన్సర్ వస్తుందనీ భయపెట్టారు. వున్న కాస్త బంగారం కుదువపెట్టి చేయించుకుంది. పందొమ్మిదో రోజున పనికొచ్చింది. "అప్పుడే ఎందుకొచ్చావమ్మా?" అన్నాను. "కూసుంటే ఎట్ల గడుస్తదమ్మా?" అంది. జాగ్రత్త అని చెప్పి నా పని నేను చూసుకున్నాను. తీరా నా వంతు వచ్చాక, డాబా మీద మెల్లిగా నడుస్తున్న నన్ను చూసి ఆమె అడిగింది: "ఆపరేషనైనోళ్ళు నడవొచ్చా అమ్మా? నన్నెవరూ నడవమన్లే. ఇంట్ల పని మాత్రం చేస్కోవచ్చన్నరు."

ఈ సంపాదకీయం ఆమె ప్రశ్నకి ఆలస్యంగా నేనిస్తున్న జవాబు.

అనవసరంగా గర్భసంచులు తీసేయడం గురించి మన ఉద్యమం చాలాకాలంగా మాట్లాడుతూనే వుంది. మెదక్ జిల్లా గ్రామాల్లో డాక్టర్ కామేశ్వరి, డాక్టర్ వింజమూరి ప్రకాశ్ చేసిన అధ్యయనం పేద స్త్రీలు ఎంత చిన్న వయసులో ఈ ఆపరేషన్‌కి గురవుతున్నారో 2009 నాటికే మన ముందుంచింది. 2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద సుమారు 3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో అది దాదాపు 9 శాతం, తెలంగాణలో దాదాపు 8 శాతం. దేశంలో ఈ ఆపరేషన్లలో మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆస్పత్రుల్లోనే జరుగుతున్నాయి. అనవసరపు ఆపరేషన్లని అరికట్టడానికి కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో తయారుచేసిన మార్గదర్శకాలని మూడు నెలల్లోగా అమలులోకి తేవాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో అన్ని రాష్ట్రాలనీ ఆదేశించింది. ఆ కమిటీలు మీ జిల్లాలో పనిచేస్తున్నాయో లేదో అడగడం మన పనే.

అయితే మన చర్చ దాదాపు ఎప్పుడూ ఆపరేషన్ బల్ల దగ్గరే ఆగిపోతోంది. బల్ల మీంచి లేచిన స్త్రీకి ఇంకా ముప్ఫై నలభై ఏళ్ళ జీవితం వుంటుంది. ఆపరేషన్ అవసరమై జరిగినా, మోసపోయి జరిగినా ఆ శరీరం మళ్ళీ కోలుకోవాలి. కోలుకోవడానికి కావలసిన సమాచారం, సమయం, తిండి ఎవరికి అందుతున్నాయి, ఎవరికి అందడం లేదు అన్నది కూడా హక్కుల ప్రశ్నే.

సమాచారంతో మొదలుపెడదాం. ముందుగా తెలుసుకోవాల్సింది ఏమేం తీశారన్నది. గర్భసంచి ఒక్కటేనా, అండాశయాలు కూడానా? పొట్ట కోసి తీశారా, కింది నుంచి తీశారా, చిన్న రంధ్రాలు పెట్టి తీశారా? చాలామంది స్త్రీలకి ఇది తెలియదు. మా ఇంటి ఆమెకీ తెలియదు. వైద్యుల ప్రవర్తనా నియమావళి ప్రకారం, రోగి అడిగిన 72 గంటల్లోగా రికార్డులు ఇవ్వాలి. ఆ కాగితం అడిగి తీసుకుని దాచుకోవాలి. కోలుకునే కాలం దాన్నిబట్టే మారుతుంది. పొట్ట కోస్తే ఆరు నుంచి ఎనిమిది వారాలు, మిగతా పద్ధతుల్లో కొంత తక్కువ. పైన కుట్లు మానడం చూసి లోపల కూడా మానిందనుకోవడం పొరపాటు.

విశ్రాంతి అంటే కదలకుండా పడుకోవడం అనుకుంటాం. అది ప్రమాదం. కదలకపోతే కాళ్ళ రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టవచ్చు. అందుకే డాక్టరు ఒప్పుకుంటే ఆపరేషనైన మర్నాటి నుంచే ఎవరి సాయమైనా తీసుకుని నాలుగడుగులు వెయ్యాలి. మంచం మీద వున్నంతసేపూ పాదాలు పైకీ కిందికీ ఆడిస్తూ, గుండెలనిండా గాలి పీల్చుకుంటూ వుండాలి. దగ్గు వస్తే పొట్ట మీద దిండు పెట్టి అదుముకోవాలి. లేచేటప్పుడు ముందు పక్కకి తిరిగి, కాళ్ళు కిందికి దించి, చేతుల మీద భారం వేసి లేవాలి. నాకు తెలియక ఏడ్చింది ఈ చిన్న విషయమే. ఇంటికొచ్చాక రోజుకి రెండు మూడుసార్లు అయిదు పది నిమిషాలు చదునైన చోట నడవాలి. అలుపు రాకపోతే, నొప్పి పెరగకపోతే రోజురోజుకీ కాస్త పెంచుకుంటూ ఆరు వారాలకి అరగంట, ముప్పావుగంటకి చేరుకోవచ్చు. ఒకరోజు ఎక్కువ నొప్పి పెడితే మర్నాడు తగ్గించుకోవాలి.

ఇక ఎత్తకూడని బరువు. సాధారణంగా మొదటి ఆరు వారాలూ నాలుగైదు కిలోలు దాటి ఎత్తొద్దంటారు. దీన్ని మన ఇళ్ళ భాషలోకి మార్చి చెప్పాలి. పది లీటర్ల నీళ్ళున్న బిందె పది కిలోలు దాటుతుంది. నిండు గ్యాస్ బండ ముప్ఫై కిలోల దాకా వుంటుంది. తడిసిన దుప్పట్ల బకెట్టు, చంటిపిల్లాడు, బియ్యం మూట, గడ్డిమోపు, ఇవన్నీ ఎత్తకూడనివే. వంగి ఇల్లు తుడవడం, గొంతుకూచుని బట్టలు ఉతకడం కూడా మొదటి వారాల్లో వద్దు. "ఇంటిపనే మంచి వ్యాయామం కదా" అని ఇంట్లోవాళ్ళే కాదు, కొందరు డాక్టర్లూ అంటారు. కోలుకుంటున్న శరీరానికి ఏవి కూడదో అవే ఇంటిపనిలో వున్నాయి. నడక ఆమె తన ఓపికని బట్టి ఆపుకోగలిగేది. ఇంటిపనిని ఆమె ఆపలేదు.

నడకతో పాటు చెప్పాల్సింది కటి కండరాల వ్యాయామం. మూత్రసంచికీ పేగుకీ కింద నుంచి ఆసరాగా వుండే కండరాలివి. మూత్రాన్నీ, గ్యాస్‌నీ ఆపుకోవడానికి బిగపట్టినట్టుగా ఆ కండరాలని లోపలికి బిగించి, అయిదు లెక్కపెట్టి వదలాలి. ఊపిరి బిగబట్టకూడదు, తొడలు బిగించకూడదు. ఒక్కో విడతకి ఎనిమిది పదిసార్లు, రోజుకి మూడు విడతలు. మూత్రపు గొట్టం తీసేశాక, ఇబ్బంది లేదనిపించినప్పుడు మొదలుపెట్టవచ్చు. మూత్రం పోస్తూ చేయకూడదు. గర్భసంచి జారినందుకు ఆపరేషన్ అయినవాళ్ళు డాక్టరుని అడిగే మొదలుపెట్టాలి. డబ్బు ఖర్చు లేని, ఎవరికీ కనిపించని వ్యాయామం ఇది. దగ్గితే, తుమ్మితే మూత్రం కారుతోందని సిగ్గుపడి పెళ్ళిళ్ళకీ మీటింగులకీ రావడం మానేసిన స్త్రీలు మన సంఘాల్లో ఎంతమంది వున్నారో అడిగి చూడండి.

ఆరు వారాలకి డాక్టరు పరీక్షచేసి సరేనన్నాక వేగంగా నడవడం, తేలికపాటి ఆసనాలు, సైకిలు ఒక్కొక్కటిగా చేర్చుకోవచ్చు. పడుకుని నడుం పైకి లేపడం, రెండు కాళ్ళూ ఒకేసారి ఎత్తడం, కపాలభాతి లాంటి పొట్ట మీద ఒత్తిడి పడేవి ఇంకొన్నాళ్ళు ఆగి, నెమ్మదిగా మొదలుపెట్టాలి. లైంగిక సంబంధానికి కూడా సాధారణంగా ఆరు వారాల ఎడం కావాలి. ఈ మాట భర్తకి కూడా డాక్టరు నోటితో చెప్పించడం మంచిది. జ్వరం, వాసన వచ్చే స్రావం, ఎక్కువ రక్తస్రావం, కుట్ల దగ్గర చీము, మూత్రం రాకపోవడం, ఒక పిక్క వాచి నొప్పెట్టడం, వున్నట్టుండి ఆయాసం రావడం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్ళాలి.

ఇప్పుడు బరువు సంగతి. "సంచి తీస్తే లావైపోతారు" అన్నది ఊరూరా వినే మాట. తీసిన సంచి కొవ్వుగా మారదు. మొదటి వారాల్లో పొట్ట ఉబ్బినట్టుండేది వాపు, గ్యాస్. ఆ తర్వాత బరువు పెరగడానికి కారణాలు వేరే వున్నాయి: కదలిక తగ్గడం, వయసు, మందులు, ముఖ్యంగా అండాశయాలు కూడా తీసేస్తే ఒక్కరోజులో వచ్చిపడే మెనోపాజ్. నలభై అయిదేళ్ళ లోపు అండాశయాలు పోయిన స్త్రీకి ఒంట్లో ఆవిర్లు, నిద్రలేమి మాత్రమే కాదు, ఎముకలు గుల్లబారడం, గుండెజబ్బు అవకాశం కూడా పెరుగుతాయి. హార్మోను చికిత్స తనకి సరిపడుతుందో లేదో అడిగే హక్కు ఆమెకుంది. వేలు పోసి ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళకి ఈ ఒక్క మాట చెప్పకపోవడాన్ని నిర్లక్ష్యం అనక ఏమనాలి?

కుట్లు మానేదాకా బరువు తగ్గే ప్రయత్నమే వద్దు. మన ఇళ్ళల్లో పథ్యం పేరుతో పప్పు పెడితే చీము పడుతుందని మాన్పిస్తారు, గుడ్డు మాన్పిస్తారు, కారప్పొడి అన్నంతో సరిపెడతారు. గాయం మానడానికి కావలసింది ఆ పప్పూ గుడ్డే. ఏళ్ళతరబడి రక్తం పోయినవాళ్ళకి రక్తహీనత వుంటుంది, రెండు రాష్ట్రాల్లోనూ స్త్రీలలో సగానికి పైగా రక్తహీనతతో వున్నారని అదే సర్వే చెప్పింది. కాబట్టి హిమోగ్లోబిన్ చూపించుకోకుండా "బద్ధకం, అందుకే లావు" అనే తీర్పులివ్వొద్దు. మాంసకృత్తులు, ఆకుకూరలు, పళ్ళు, మలబద్ధకం రాకుండా నీళ్ళు కావాలి. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం వుంటుంది, ఎముకలకి అది మంచి ఆసరా. పూర్తిగా కోలుకున్నాక నూనె, చక్కెర, తెల్లన్నం తగ్గించుకుంటూ, వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడుస్తూ, రెండురోజులు కండరాల బలానికి వ్యాయామం చేస్తూ మెల్లిగా తగ్గితే చాలు. కాటా మీద అంకె కంటే నడుం చుట్టుకొలత 80 సెంటీమీటర్లు దాటకుండా చూసుకోవడం మేలు. షుగరూ, గుండెజబ్బూ రాకుండా వుండటానికే ఇదంతా. పెళ్ళినాటి చీర జాకెట్టు మళ్ళీ పట్టాలని కాదు.

ఇదంతా చదివి మీలో చాలామంది అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. ఆరు వారాలు బిందె ఎత్తకుండా వుండటం ఎవరికి సాధ్యం? నాకు సాధ్యమైంది. 2011 ఏప్రిల్‌లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 52వ నంబరు జీవోతో మహిళా ఉద్యోగులకి ఈ ఆపరేషన్ తర్వాత 45 రోజుల ప్రత్యేక సెలవు ఇచ్చింది. సంఘాలు అడిగి సాధించుకున్న ఇలాంటి హక్కులు విలువైనవి. కానీ అదే శరీరం, అదే కోత వున్న వ్యవసాయ కూలీకి, బీడీ కార్మికురాలికి, ఇళ్ళల్లో పనిచేసే స్త్రీకి ఒక్కరోజు సెలవు లేదు. నేను నలభై అయిదు రోజులు జీతంతో విశ్రాంతి తీసుకున్నాను. ఆ రోజుల్లో మా ఇంట్లో బకెట్లు మోసింది ఆమె. ఆమె ఆపరేషన్ నాటి పందొమ్మిది రోజులకి నేను జీతం కోశానో లేదో నాకు గుర్తులేదు. మొన్న అడిగాను. ఆమెకి గుర్తుంది. కోశానట.

ఆ డబ్బు ఇప్పుడిచ్చాను. దానితో ఆమె నడుంనొప్పి పోదు. అందుకే వ్యక్తిగత పశ్చాత్తాపంతో ఆగకుండా మనం అడగాల్సినవి వున్నాయి. అసంఘటిత రంగంలోని స్త్రీలకి ఈ ఆపరేషన్ తర్వాత కనీసం ఆరు వారాల కూలి భృతి కావాలి. ప్రభుత్వ బీమాతో చేసినా, సొంత డబ్బుతో చేయించుకున్నా, ఏం తీశారో, ఎప్పుడేం చేయవచ్చో తెలుగులో రాసిచ్చిన కాగితం ప్రతి స్త్రీ చేతిలో వుండాలి. ఆరో వారం పరీక్ష ఉచితంగా జరగాలి. ఆశా కార్యకర్తలకి బాలింతల గురించి ఇచ్చినట్టే దీని గురించీ శిక్షణ ఇవ్వాలి. పొదుపు సంఘాలు ఆపరేషన్‌కి అప్పు ఇచ్చేటప్పుడే విశ్రాంతి రోజులకీ లెక్క వెయ్యాలి, వీలైతే ముందు రెండో డాక్టరు సలహా తీసుకోమనాలి. ఇక ఇళ్ళల్లో, ఆ ఆరు వారాలు బిందె ఎవరు మోస్తారన్నది ఆపరేషన్ తేదీ కంటే ముందే మగవాళ్ళతో తేల్చుకోవాలి.

వచ్చే మీటింగులో ఈ విషయం పెట్టండి. మీ వూళ్ళో ఆపరేషనైనవాళ్ళని ఎన్నోరోజున పనికెళ్ళారని ఒక్కొక్కరినీ అడగండి. వాళ్ళు చెప్పిన రోజుల లెక్క మాకు రాసి పంపండి. ప్రభుత్వం ముందు పెట్టడానికి మనకి ఆ లెక్క కావాలి.