గృహవ్యవహారములు: భీమా సొమ్ము వచ్చిన పిదప పాడైన కారును ఉంచుకొనవచ్చునా?

సోదరి యొకరు మాకిట్లు వ్రాసిరి: "రహదారి ప్రమాదమున మా కారు పనికిరాకుండ పోయినది. భీమాకంపెనీవారు దాని విలువలో కొంత తగ్గించి సొమ్మిత్తుమనియు, కారును మమ్మే యుంచుకొమ్మనియు చెప్పుచున్నారు. ఇంటిలో ఉంచుకొందమనువారొకరు, వలదనువారొకరు. మీరేమందురు?" ఈ ప్రశ్నకు నీతులు చెప్పుటకంటె మా యింట జరిగిన సంగతి చెప్పుటయే మేలని తలచి, మా పొరపాటును గూడ దాచక వ్రాయుచున్నాము.

2024 సెప్టెంబరు 1వ తేదీన బుడమేరు పొంగి విజయవాడలో సింగునగరు ప్రాంతమంతయు నీట మునిగిన సంగతి మీరెరుగుదురు. మా వీధియు నందులోనిదే. మామగారు 2017లో తమ పింఛను సొమ్ముతో మా వారి పేర కొనియిచ్చిన చిన్న కారు గుమ్మము ముందర పైకప్పువరకు మునిగి కొన్నిదినము లట్లే యుండెను. నీరు తీసిన పిదప తలుపు తెరువగా బురదయు, దుర్గంధమును దప్ప మరేమియు లేదు. అప్పటికి మామగారు గతించి రెండేండ్లైనది. ఆ కారును జూచి మా వారు కంట నీరు పెట్టుకొనిరి.

పాలసీ కాగితముమీద ఐ.డి.వి. యని యొక అంకె యుండును. బండి పూర్తిగా పోయినచో కంపెనీవారు లెక్కకు దీసికొను విలువ యదియే. మా కారునకు 3,00,000 రూపాయలు. మరమ్మతు ఖర్చు ఈ విలువలో నూటికి 75 వంతులను మించినచో బండిని మొత్తము నష్టముగా నెంచెదరు. మాకు 2,25,000 హద్దు కాగా, సర్వేయరు వేసిన అంచనా 2,60,000. కావున మరమ్మతు మాట పోయి మొత్తము నష్టమని తేలినది.

అటుపిమ్మట మా యెదుట రెండు దారులుండెను. కారును కంపెనీవారికి విడిచిపెట్టినచో, ప్రతి క్లెయిములోను మనము భరింపవలసిన 1,000 పోగా 2,99,000 చేతికి వచ్చును. కారును మేమే యుంచుకొన్నచో, తుక్కు వర్తకులు దానికి పాడిన ధర 70,000 గూడ తగ్గించి 2,29,000 ఇత్తురు. "సొమ్మును వచ్చును, కారును మిగులును" అని సంతోషించి రెండవ దారినే పట్టితిమి. ఇచ్చటనే మా పొరపాటు. కారు మాకు ఊరక మిగులలేదు. 70,000 పోసి బురదకారును కొంటిమి. అంగడిలో అట్టి కారు కనబడినచో ఆ ధర కెవరమును కొనము గదా! చచ్చినవాని కండ్లు చారెడన్నట్లు, మమకారము మా కన్నులను గప్పినది.

కారును షెడ్డునకు తోలించితిమి. మెకానిక్కు విప్పి, కడిగి, ఆరబెట్టి చూచెను. ఇంజను నొకవిధముగ బాగుచేయవచ్చును గాని, లోని వైర్లన్నియు త్రుప్పుపట్టెననియు, అవి నేడొకటి రేపొకటిగా చెడుననియు, గాలిసంచులు ఆపద వేళ విచ్చునో లేదో హామీ యీయజాలననియు నతడు నిజము చెప్పెను. పిల్లల నెక్కించుకొని తిరుగు బండి విషయమున ఆ మాట చాలును. విప్పి కడిగినందులకే 18,000 అయినది.

అట్టి సమయమున ఒక మనుష్యుడు ఇల్లు వెదకికొని వచ్చి 95,000 ఇత్తు ననెను. "కారును జూడనక్కరలేదు, ఆర్‌.సి. ఇచ్చి, ఈ ఫారములపై సంతకములు పెట్టిన జాలును" అనెను. అమ్మాయి కళాశాల రుసుము గడువు దగ్గరపడుచున్న దినములవి. నిజము చెప్పవలెనన్న, ముందుగా ఆశపడినది మేమే. మా వారు మాత్రము ఫారములను త్రిప్పి చూచి, "ఇందు కొనువాని పేరు వ్రాయు చోటు ఖాళీగా నున్నదేమి? కారును జూడనివాడు కొనుచున్నది కారునా, కాగితమునా?" అని యడిగిరి. అతడు నవ్వి లేచిపోయెను.

కాగితమున కంత వెల యేల? దొంగిలించిన కారునకు, నష్టమైన అదే జాతి కారు సంఖ్యను, ఛాసిస్ గురుతును తగిలించి నడుపు మోసము మన దేశమున పలుమారులు బయటపడినది. ఆర్‌.సి. మన పేర నున్నంతకాలము బాధ్యతయు మనదే. బండి నమ్మినను పేరు మార్పించనిచో, ప్రమాదమున పరిహార మిచ్చు భారము రిజిస్టరులోని యజమానిదే యని సుప్రీంకోర్టు 2018లో స్పష్టపరచినది. బండి శాశ్వతముగ పనికిరానిదైనచో 14 దినములలోగాని, వీలైనంత త్వరలోగాని రవాణా అధికారికి తెలిపి ఆర్‌.సి. అప్పగింపవలెనని 1988 మోటారు వాహనముల చట్టము 55వ సెక్షను చెప్పుచున్నది.

తుదకు కారును ప్రభుత్వమువారు నమోదుచేసిన తుక్కు కేంద్రమున కప్పగించి, ధ్రువపత్రము పుచ్చుకొని, రిజిస్ట్రేషను రద్దు చేయించితిమి. చేతికి 26,000 వచ్చినది. లెక్క వేయగా మాకు మిగిలినది 2,37,000. మొదటనే విడిచిపెట్టియున్నచో 2,99,000. మమకారమునకు మేమిచ్చిన వెల 62,000. ఆ మనుష్యుని సొమ్ము గైకొనియున్నచో ఏడువేలు లాభమే వచ్చియుండును. రాత్రి నిద్ర మాత్రము పోయియుండును. అమ్మాయి రుసుమునకు మా గాజులు రెండు తాకట్టు పెట్టితిమి. అందులకు చింతలేదు.

కావున సోదరీ, మీరు నిర్ణయించుటకు ముందు ఈ సంగతులు విచారింపుడు. తుక్కు ధరగా తగ్గించు సొమ్మెంతయో వ్రాతమూలకముగ నడిగి, "ఆ సొమ్ముతో ఈ బండిని నేడు కొందుమా?" అని మిమ్ము మీరే ప్రశ్నించుకొనుడు. నమ్మకమైన మెకానిక్కుచే ముందుగనే చూపింపుడు. మావలె తరువాత గాదు. కారుమీద అప్పున్నచో భీమా సొమ్ము ముందుగ అప్పిచ్చిన బ్యాంకునకే పోవునని గుర్తుంచుకొనుడు. ఉంచుకొను వారిని ఆర్‌.సి. రద్దు చేయించి తెమ్మను కంపెనీలును గలవు. రద్దయిన కారు రోడ్డెక్కరాదు. రద్దు కానిచో, సొమ్ము చెల్లించుటతో పాత పాలసీ సాధారణముగ ముగియును గనుక, క్రొత్తగ భీమా లేక వీథిలోనికి దీయరాదు.

కంపెనీవారికే విడిచిపెట్టినను, ఖాళీ ఫారముపై సంతకము చేయకుడు. కొనువాని పేరు వ్రాయించి, ప్రతులుంచుకొని, పేరు మారువరకు వెంటబడుడు.

డొంకతిరుగుడు లేక యొకమాట చెప్పెదము: తక్కువ దెబ్బ తిని, చౌకగ బాగగు బండి యైన ఉంచుకొనుడు, నీట మునిగినదియు, చట్రము వంగినదియు నైన విడువుడు. మామగారి జ్ఞాపకమునకు మేము కారు తాళముచెవి యొకటి దేవునిగూటిలో నుంచుకొంటిమి. దానికి భీమా యక్కరలేదు.