పెనుకొండకు కియా వచ్చింది.. మరి దొనకొండకు?

దొనకొండలో భూములున్నాయి, రైలుంది, బ్రిటిష్ కాలం నాటి ఎయిర్‌స్ట్రిప్ కూడా ఉంది. రాష్ట్రం విడిపోయాక ఇండస్ట్రియల్ హబ్ అని ఎన్నిసార్లు విన్నామో! పెద్ద ఫ్యాక్టరీ మాత్రం రాలేదు. పక్కనే ఉన్న కురిచేడు కుర్రాళ్లు పని కోసం హైదరాబాద్, బెంగళూరు వెళ్తూనే ఉన్నారు.

మరి కరువు సీమలోని పెనుకొండకు కియా ఎలా వచ్చింది? బెంగళూరు హైవే పక్కనే ఉండటం కలిసొచ్చింది. మాతృసంస్థ హ్యుందాయ్ ప్లాంట్, పోర్టు రెండూ చెన్నై వైపే. కానీ అసలు సంగతి నీళ్లు. 2016 డిసెంబర్‌లో హంద్రీనీవా ద్వారా కృష్ణా జలాలు గొల్లపల్లి రిజర్వాయర్‌కు చేరాయి. 2017 ఏప్రిల్‌లో కొరియా కంపెనీ ఒప్పందం చేసుకుంది. టైమింగ్ చూడండి! ఎర్రమంచి దగ్గర 536 ఎకరాలు, 110 కోట్ల డాలర్ల పెట్టుబడి, ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యం. 2019 ఆగస్టులో సెల్టోస్ మార్కెట్లోకి వచ్చేసింది. వెనకాలే విడిభాగాల కంపెనీలూ దిగాయి.

ఇటు పశ్చిమ ప్రకాశంలో వెలిగొండకు శంకుస్థాపన జరిగింది 1996లో. రెండో సొరంగం ప్రారంభోత్సవం 2024 మార్చిలో. ఇన్నేళ్లలో ప్రభుత్వాలు ఎన్ని మారాయో లెక్కేసుకోండి. దొనకొండకు పరిశ్రమ తెస్తామనే నాయకులు ఎకరాల లెక్క చెబితే సరిపోదు. ఫ్యాక్టరీకి ఏ కాలువ నుంచి, ఏ ఏడాదికల్లా నీళ్లిస్తారో చెప్పాలి.