ఇల్లు – పొలము: అరువు మిషను కడిగి ఇయ్యండి



మా యాడికి వైపు వాన సంగతి మీకు తెలియనిది కాదు. అనంతపురం జిల్లాలో సంవత్సరానికి సగటున సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఆ కాస్త వానకే వేరుశనగ, కంది, జొన్న, పత్తి లేవాలి. బోరు ఉన్నవారు చీనీ చెట్లు పెట్టుకుంటారు. పురుగు కనిపించిన రోజున మందు కొట్టకపోతే ఆ ఏటి కష్టమంతా పోయినట్టే. కనుక ఇప్పుడు ఏ వీధిలో చూసినా ఒక బ్యాటరీ మిషను ఉంటుంది. పూర్వము ఒక చేత్తో పంపు ఆడిస్తూ, ఇంకో చేత్తో గొట్టము పట్టుకొని కొట్టేసరికి భుజాలు పడిపోయేవి. ఇప్పుడు మీట నొక్కితే చాలు. పని సులువైంది గాని, కడిగే అలవాటు మాత్రం మనకు ఇంకా రాలేదు. ఈ నెల దానిని గురించి వ్రాస్తున్నాను. నా తప్పుతోనే మొదలు పెడతాను.

కొన్నేండ్ల క్రితం మా సంఘములోని ఒక తమ్ముని దగ్గర మిషను అరువు తెచ్చుకొని, మా జొన్నచేనిలో వెడల్పాకు కలుపుకు 2,4-డి మందు కొట్టాను. పని అయ్యాక ట్యాంకులో రెండు చెంబుల నీళ్లు పోసి, కుదిపి పారబోసి, సాయంత్రం ఇచ్చి వచ్చాను. "కడిగినావా అన్నా?" అని అడిగాడు. "కడిగినాలే" అన్నాను.

రెండు రోజులకు ఆయన అదే మిషనుతో తన పత్తికి దోమ మందు కొట్టుకున్నాడు. కొద్ది రోజుల్లోనే లేత ఆకులు వెడల్పు లేకుండా సన్నగా, వేళ్ల మాదిరి సాగిపోయాయి. కొమ్మలు వంకర తిరిగాయి. చూసిన వ్యవసాయాధికారి, ఇది తెగులు కాదు, కలుపు మందు తగిలింది అన్నారు. 2,4-డి మొక్కలో పెరుగుదల రసము వలె పనిచేసి, ఆ పెరుగుదలనే అదుపు తప్పిస్తుంది. జొన్న తట్టుకుంటుంది, పత్తి తట్టుకోలేదు. ట్యాంకు అడుగున, పైపులో, వాషర్లలో మిగిలిన కొద్దిపాటి మందు చాలు.

ఆ తమ్ముడు నన్ను ఒక్క మాట అనలేదు. అయితే తరువాతి ఆదివారము ప్రభువు బల్ల వేళకు ఆయన, ఆయన భార్య లేచి రాలేదు. కారణము ఆ మందిరములో నాకొక్కనికే తెలుసు.

2 రాజులు 4వ అధ్యాయములో గిల్గాలు కరువు సంగతి ఉంది. ఒకడు పొలములోనికి వెళ్లి, ఏమిటో తెలియక అడవి కాయలు తెచ్చి అందరి వంటకములో తరిగి వేశాడు. వాడు తెలియక చేశాడు. నేను తెలిసి, బద్ధకించి చేశాను. వాని కుండకైతే ఎలీషా ఉన్నాడు. మన ట్యాంకును మనమే కడుక్కోవాలి.

కడుగు విధము

1. మిగిలిన మందు ఇంటికి తేవద్దు. అదే చేనిలో కొట్టి ట్యాంకు ఖాళీ చేయండి.

2. ట్యాంకులో మూడో వంతు మంచి నీళ్లు పోసి, మూత బిగించి, బాగా కుదిపి, మిషను ఆన్ చేసి గన్ను గుండా బయటికి కొట్టండి. ఊరికే పారబోస్తే పైపు కడుగబడదు. ఈ విధముగా మూడు సార్లు చేయాలి. కడిగిన నీళ్లు కూడా మందు కొట్టిన చేనిలోనే పడాలి. బావి, బోరు, వంక, పశువుల తొట్టి దగ్గర వద్దు.

3. కలుపు మందు కొట్టినట్లయితే, బట్టల సబ్బు పొడి కలిపిన నీళ్లు పోసి, కొంచెము గన్ను గుండా వదిలి, మిగిలినది రాత్రంతా ఉంచండి. మరునాడు దానిని చేనిలోనే వదిలి, మళ్లీ మూడు సార్లు మంచి నీళ్లతో కడగండి. ఇంత చేసినా కొన్ని మందులు పైపును విడువవు. కనుక కలుపు మందుకు వేరే మిషను ఉంచుకొనుటయే క్షేమము.

4. మూత క్రింది జల్లెడ, గన్ను పిడిలోని జల్లెడ, నాజిల్ విప్పి పాత పళ్ల బ్రష్షుతో రుద్దండి. సూది, తీగె పెడితే రంధ్రము పెద్దదై మందు ధారగా పడుతుంది. నోటితో ఊదనే వద్దు. మన బోరు నీళ్లలోని ఉప్పు తెల్లగా పేరుకుంటే, కడిగిన నాజిల్‌ను నిమ్మరసములో కొంతసేపు నానబెట్టండి.

5. బ్యాటరీ, మోటారు ఉన్న పెట్టెను నీళ్లలో ముంచవద్దు. తడిగుడ్డతో తుడిచి, ఛార్జింగు పెట్టే చోటు పొడిగుడ్డతో ఆర్చండి. మూత తీసి, ట్యాంకు బోర్లించి నీడలో ఆరబెట్టండి.

బ్యాటరీ మాట

చాలా మిషన్లలో 12 వోల్టుల సీసపు బ్యాటరీ ఉంటుంది. ఛార్జింగు దిగిపోయిన బ్యాటరీని అట్లాగే మూల పెడితే లోపలి సీసపు పలకలపై పొర గట్టిపడి, మళ్లీ ఛార్జింగు నిలువదు. మన పనిముట్లు చచ్చేది పనిలో కాదు, అటక మీద. కనుక పని అయిన రోజే, వేడి తగ్గాక, ఛార్జింగు పెట్టండి. పని లేని నెలలలో కూడ నెలకొకసారి నిండుగా ఎక్కించండి. లిథియం బ్యాటరీ అయితే నిండుగా కాక సగము ఛార్జింగుతో దాచాలి. దానితో వచ్చిన ఛార్జరే వాడండి. ఎండకాలములో రేకుల షెడ్డు క్రింద ఉంచితే ఏ బ్యాటరీ అయినా తొందరగా పాడవుతుంది. పాతదానిని చెత్తలో వేయక బ్యాటరీ అంగడిలో ఇచ్చివేయండి.

తల్లులకు ఒక మాట

మిషను గాని, మందు డబ్బా గాని వంటింటిలోనికి రానియ్యకండి. 2013 జూలైలో బీహారులోని సారణ్ జిల్లా గండామన్ గ్రామములో బడి భోజనము తిని 23 మంది పసిబిడ్డలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగు మందు ఉన్నట్లు పరీక్షలో తేలింది. ఖాళీ డబ్బాను కూడ మూడు సార్లు కడిగి, రంధ్రము పొడిచి, ఎవరూ వాడకుండా చేయాలి. 2017లో మహారాష్ట్ర యవత్‌మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ సుమారు 20 మంది ప్రాణములు పోగొట్టుకున్నారు. కనుక కడిగేటప్పుడు కూడ చేతికి తొడుగు, ముక్కుకు గుడ్డ ఉండాలి. తరువాత సబ్బుతో స్నానము చేసి, ఆ బట్టలు వేరుగా ఉతకాలి. తల తిరిగినా, వాంతి అయినా ఆలస్యము చేయక 108కి ఫోను చేసి, మందు డబ్బా చీటిని వెంట తీసుకొని పోండి.

ఇక నా సంగతి. అర్పణ బలిపీఠము నొద్దనే విడిచి, ముందు సహోదరునితో సమాధానపడుమని ప్రభువు చెప్పిన మాట ఆ వారమంతా నన్ను నిద్రపోనియ్యలేదు. శనివారము రాత్రి ఆయన ఇంటికి పోయి, "తమ్ముడూ, ఆ పొద్దు కడిగినాను అన్నది అబద్ధము" అని చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "పంట పోయిందానికన్నా, నువ్వు అబద్ధము ఆడినావే అని బాధపడినానన్నా" అన్నాడు. మా కందులు అమ్మిన డబ్బులో సగము ఆయన చేతిలో పెట్టాను. పోయిన పత్తికి అది సరిపోదని ఇద్దరికీ తెలుసు. మరుసటి ఆదివారము వారు బల్లకు వచ్చారు.

ఎలీషా శిష్యుడొకడు అరువు తెచ్చిన గొడ్డలి నీళ్లలో పడగానే, అయ్యో, అది ఎరవుదే అని మొరపెట్టాడు. పరుల వస్తువు చేతిలో ఉన్నప్పుడు మనకు ఉండవలసిన దిగులు అదే. ఇప్పుడు మా రెండు ఇండ్లకు కలిపి కలుపు మందుకని ఒక పాత చేతి పంపు ఉంది. దాని ట్యాంకుకు ఎర్ర రంగు పూశాము. దానిని ఎవరు అడిగినా, ఏ మందు కొట్టామో చెప్పి మరీ ఇస్తాము.

మీ ఇంట్లో ఎవరి మిషను అయినా ఉంటే, ఈ ఆదివారము లోపల కడిగి, ఛార్జింగు పెట్టి, ఇచ్చి రండి.

దేవుడు మీ పొలములను, మీ పిల్లలను కాపాడును గాక.