మగచేప తరిమితే ఆడచేప ఎక్కడికి పోవాలి?



రెండు నెలల క్రితం పెదవేగిలో గృహదర్శనానికి వెళ్ళినప్పుడు, ఇంటర్ చదివే మా సంఘపు అబ్బాయి ఒకడు ప్రార్థన ముగియగానే నా చెయ్యి పట్టుకుని చేపల తొట్టి దగ్గరకు తీసుకువెళ్ళాడు. రెండడుగుల అద్దాల తొట్టి, అందులో కాకటూ అనే పొట్టి సిక్లిడ్ల జత. మగది మూడంగుళాలుంటుంది; వీపు రెక్క ముందుభాగం కోడిజుట్టులా నిలబడి మహా ఠీవిగా ఉంది. రెండంగుళాల ఆడది తోక పీలికలై, ఒక మూల నీటి పైభాగాన నక్కి ఉంది.

"బకెట్లో వేసి, గాయం మానాక మళ్ళీ వదిలానండి. గంటలోనే ఇలా చేసింది" అన్నాడు. ఆ సాయంత్రమే అది చచ్చిపోయింది. ఒకప్పుడు నేనూ ఇదే పొరపాటు చేశాను గనుక వాణ్ణి ఏమీ అనలేకపోయాను.

మన కొల్లేటి ప్రాంతంలో అందరికీ తెలిసిన తిలాపియా కూడా సిక్లిడ్ జాతిదే. 1952లో మన దేశానికి వచ్చింది. మగది చెరువు అడుగున గుంట తవ్వి కాపలా కాస్తుంది. ఆడది గుడ్లు పెట్టి, వాటిని నోట పెట్టుకుని తన దారిన పోతుంది. చెరువులో పోవడానికి చోటుంది. రెండడుగుల అద్దాల మధ్య ఎటు పోతుంది? ఆడది గుడ్లకు సిద్ధంగా లేకపోతే మగది తరుముతుంది. అది కంటికి కనిపిస్తున్నంతసేపూ తరుముతూనే ఉంటుంది.

ఆడదాన్ని బయటకు తీయడంతోనే తప్పు మొదలైంది. అది లేని రోజుల్లో తొట్టంతా మగదాని సొంతమైపోయింది, తిరిగివచ్చినది పరాయిదైంది. తీయవలసింది మగదాన్ని. తర్వాత రాళ్ళూ మొక్కలూ చోటు మార్చి, ఆడదాన్ని ముందు స్థిరపడనిచ్చి, మగదాన్ని చివర వదలాలి. ఆడది మాత్రమే దూరగల చిన్న రంధ్రాలు చేసిన కొబ్బరిచిప్పలు రెండు మూడు బోర్లించాలి. గుడ్లకు మాత్రం మగదీ పట్టే మరో గూడు ఉండాలి. ఈ మూల నుండి ఆ మూల కనబడకుండా మొక్కలు అడ్డం పెట్టాలి. మూడడుగుల తొట్టి ఉంటే ఒక మగదానికి మూడు ఆడచేపలు మేలు. కోపం ఒకదాని మీదే పడదు.

అబ్బాయి మరో ఆడచేపను తెచ్చి ఇలాగే చేశాడు. మూడు వారాలకు అది పసుపు రంగు తిరిగి, గూడు పైకప్పుకు గుడ్లు అంటించింది. మరునాడే నా దగ్గరకు పరుగెత్తుకొచ్చాడు: "ఇప్పుడు ఆడదే మగదాన్ని కొడుతోందండీ!" అవును, గుడ్ల తల్లి అంతే. ఈసారి మూల నక్కినది మగది. ఇప్పుడూ మగదాన్నే తీయమన్నాను, ఈ జాతిలో తల్లి ఒక్కతే పిల్లల్ని సాకగలదు.

అన్ని జాతులకూ ఇది పనికిరాదు సుమా. మన దక్షిణ భారతపు నారింజ క్రోమైడ్లలో తల్లీ తండ్రీ కలిసే కాపలా కాస్తాయి, పిల్లలు వాటి ఒంటిమీది జిగురు తింటాయి. ఆ తండ్రిని విడదీయకండి. ఆరేడు పిల్లల్ని కలిపి పెంచి, జతను వాటినే ఎంచుకోనివ్వాలి.

కాకటూ పిల్లలు ఈదడం మొదలుపెట్టి వారమైంది. రొయ్యల హేచరీల్లో వాడే ఆర్టీమియా గుడ్లను ఉప్పునీళ్ళలో పొదిగించి, పూటపూటా వేస్తున్నాడు. మగచేప మాత్రం మా వరండాలో ఒక చిన్న తొట్టిలో ఉంది. అద్దంలో తన నీడను చూసి రెక్క విప్పుతోంది.